పైకప్పు మీద ఏడు నిమిషాలు

ఉలాన్‌బాటర్‌లో జనవరి. ఆరుంబావు.
పై ఇంట్లో మడమలు రెండు నేలకు ఆనతాయి,
ముందు ఎడమది, వెనకే కుడిది.
మా ఇంటి సీలింగు దీపం గొలుసు సన్నగా వణుకుతుంది.

నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసినదాన్ని.
చప్పుడు విని ఏ చక్రానికి పన్ను అరిగిందో చెప్పేదాన్ని.
అందుకే చూడకుండానే తెలిసిపోయింది
నరంగెరెల్ ఏ క్షణాన ఎటు వంగుతోందో.

తను ట్రాలీబస్సు నడుపుతుంది.
తొమ్మిది గంటలు ఒకటే సీటు.
మలుపులో తీగ మీంచి కొమ్ములు జారిపోతే
దిగి, మంచులో నిలబడి, తాడు లాగి
వాటిని మళ్లీ తీగకు తగిలించాలి.
"ఈ నడుము నాది కాదు అవ్వా, డిపోది"
అంది ఒకసారి మెట్ల మీద, ఉల్లిపాయల సంచి దించి.
డిపో డాక్టరు మాత్రలకు బదులు
ఏడు బొమ్మలున్న కాగితం చేతిలో పెట్టాడట.
గీసినవాడికి బొమ్మలు రావు.
నాలుగోది మనిషో మడతకుర్చీయో తేలక
తనకు తోచినట్టు చేస్తోందట.

మడమల తర్వాత కాసేపు ఏమీ వినపడదు.
ఆ వినపడనిదాంట్లో చేతులు పైకి లేస్తాయని నా లెక్క.
తర్వాత అరచేతులు,
పిండిముద్ద బల్ల మీద పడ్డంత మెత్తగా.
ఒక కాలు వెనక్కి, సర్రుమని మేజోడు.
అంతలో బుల్లి పాదాలు గబగబా.
ఆమె పొట్ట కింది సొరంగంలోంచి కొడుకు
హారన్ కొట్టుకుంటూ దూరిపోతాడు.
నాలుగో బొమ్మ దగ్గర రోజూ ఏదో ఒకటి కిందపడుతుంది.

బయట మైనస్ ముప్ఫై నాలుగు.
బొగ్గుపొగ వీధిని మింగి ఇంకా అరిగించుకోలేదు.
ఎనిమిదిన్నర అయితే గాని సూర్యుడు మొహం చూపించడు.
చుట్టం రాకముందే పీట వేసినట్టు
తను చీకటికే దణ్ణం పెడుతుంది.
నరంగెరెల్ అంటే ఎండవెలుగు.
పేరు పెట్టినవాళ్లకి ఈ ఆరుంబావు సంగతి తెలియదు.

చివర బాల్కనీ తలుపు కిర్రుమంటుంది.
ఉప్పు వేసిన పాలటీలో తొలి గరిటె ఆకాశానికి.
ఆకాశం ఎంత తాగిందో గాని
మా రెయిలింగు మీదికి వచ్చేసరికి అది
టిక్కు టిక్కుమనే పూసలు.

ఫిబ్రవరిలో ఒకరోజు ఆరుంబావు అయింది,
మడమలు రాలేదు.
ఆలస్యమేమో అనుకున్నాను.
రెండోరోజు నా గోడ గడియారాలన్నిటికీ కీ ఇచ్చి కూర్చున్నాను,
తప్పు వాటిదైనట్టు.
మూడోరోజు మెట్లెక్కాను, మధ్యలో రెండుసార్లు ఆగి.

తలుపు పిల్లాడు తీశాడు.
కొమ్ములు తగిలిస్తుంటే మంచు మీద కాలు జారిందట,
మణికట్టుకి పిండికట్టు,
దాని మీద నీలిరంగు పెన్నుతో వాడు గీసిన బస్సు.
"శబ్దం లేదని వచ్చాను" అన్నాను.
ఆమె మొహం జేవురించింది.
"అయ్యో, ఇన్నాళ్లూ మీ నిద్ర పాడుచేశానా?"

ఏం చెప్పను?
అక్టోబరు నుంచీ దుప్పటి కింద
ఆ ఏమీ వినపడని చోట
నేనూ చేతులు పైకెత్తుతున్నానని చెప్పలేదు.
టీ ఉప్పగా ఉందన్నాను. దిగి వచ్చాను.

మర్నాడు మంచం దిగాను.
కంబళి పరిచి, బల్ల అంచు పట్టుకుని
మడమలు ఆనించాను, ముందు ఎడమది.
నా ఎముకలు ఎంత వాగుడుకాయలో అప్పుడు తెలిసింది.
చీపురు తిరగేసి సీలింగుని రెండుసార్లు పొడిచాను.

దీపం గొలుసు ఊరుకుంది.
ఊరుకుంది.
తర్వాత, పైన, ఎడమది.
వెనకే కుడిది.

అరచేతుల దగ్గర ఒక్క చెయ్యే వినపడింది.
నాలుగో బొమ్మ దగ్గర ఈసారి
కిందపడింది నా కళ్లజోడు.